ఇనప డబ్బాలో నిద్ర పట్టేదాకా

సామాన్లు మోసే వ్యాన్‌ని ప్రయాణాల్లో ఉండే చిన్న ఇల్లుగా మార్చుకోవాలనుకున్నాం. పని మొదలుపెట్టకముందే మేం ఆ వ్యాన్‌లో నాలుగు రాత్రులు పడుకున్నాం. లోపల ఏమీ లేదు. సామాన్లు మోసి మోసి గీతలు పడ్డ నేల, అక్కడక్కడా సొట్టలు పోయిన గోడలు, ఇంట్లోంచి తెచ్చి పరిచిన పరుపు, ఒక టార్చి లైటు. ఇది మా తమ్ముడి సలహా. "అక్కా, ముందే బొమ్మ గీసుకుని కూర్చోకండి. నాలుగు రాత్రులు పడుకోండి. ఎక్కడ ఇబ్బందో మీ ఒళ్ళే చెబుతుంది" అన్నాడు. వాడిది కరెంటు పని. వ్యాన్‌లో వైరింగ్ అంతా వాడే దగ్గరుండి నాతో చేయించాడు. మిగతా పనులు మా ఆయనా నేనూ సెలవు రోజుల్లో చేసుకున్నాం. మొత్తం పదకొండు నెలలు పట్టింది.

మొదటి పొద్దున లేచేసరికి పైకప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. బయట వాన లేదు. ఎక్కడో చిల్లు ఉందనుకుని మా ఆయన నిచ్చెన వేసుకుని పైనంతా తడిమి చూశారు. చిల్లేమీ లేదు. ఆ నీళ్ళు మావే. నిద్రలో మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి వదిలే తేమ ఇద్దరిదీ కలిపితే తెల్లారేసరికి అర లీటరు దాకా అవుతుంది. ఇంట్లో ఆ తేమని గోడలు కొంత పీల్చుకుంటాయి, కొంత కిటికీ సందుల్లోంచి పోతుంది, మన కంటపడదు. ఇక్కడ నాలుగు వైపులా చల్లబడ్డ రేకు. వెచ్చటి గాలి రేకుకి తగలగానే అందులోని ఆవిరి నీరైపోతుంది.

అంతవరకూ మేం మాట్లాడుకున్నదంతా వంటగట్టు ఎటు పెట్టాలి, టేబుల్ ఎలా మడవాలి అనే. ఆ పొద్దుటితో లెక్క మారిపోయింది. పగలు బాగుంటే వ్యాన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. రాత్రి ఎనిమిది గంటలు మాత్రం ఆ డబ్బాలోనే ఉండాలి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. ఏ దశ పని పూర్తయినా, దాని మీద ఒక రాత్రి పడుకుని చూశాకే తర్వాతి దశకి వెళ్ళాలి. దీనివల్ల ఆలస్యమైంది. కానీ గోడలు మూసేశాక మళ్ళీ విప్పే అవస్థ చాలావరకు తప్పింది.

ముందు తుప్పు. నేల మీద పాత ప్లైవుడ్ లేపితే దాని కింద మూడు చోట్ల అరచేతంత మేర ఎర్రగా పొరలు లేచి ఉంది. వైర్ బ్రష్‌తో గీకి, ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం కనబడేదాకా రుద్ది, తుప్పు మార్చే రసాయనం పూసి, జింక్ ప్రైమర్, దానిమీద రెండు పూతలు పెయింటు. ఈ పనికి రెండు ఆదివారాలు పోయాయి. చూడటానికి ఏ మార్పూ కనబడని పని, అందుకే చాలామంది దీన్ని దాటేసి నేరుగా చెక్క పరుస్తారు. దాటకండి. కింద తుప్పు ఉంటే పైన మీరు కట్టిన ఇల్లంతా దాని మీదే నిలబడుతుంది.

ఆ తర్వాత నన్ను అన్నిటికంటే భయపెట్టిన పని, పైకప్పుకి రంధ్రం. తేమ పోవాలంటే గాలిని బయటికి లాగే ఫ్యాన్ కావాలి, ఫ్యాన్ పెట్టాలంటే 40 సెంటీమీటర్ల చదరాన్ని కోసెయ్యాలి. ఒక్క వాన చుక్క కూడా రానివ్వని రేకుని మన చేత్తో మనమే కోయడమంటే మనసొప్పదు. లోపల నుంచి పైకప్పు రేకుని మోసే ఇనప పక్కటెముకల మధ్య నడిమి చోటు కొలిచి, ఒక సన్నటి బెజ్జం కిందినుంచి పైకి వేసి, పైకెక్కి ఆ బెజ్జం గుర్తుగా చదరం గీశాం. గీత చుట్టూ పెయింటు గీరుకోకుండా మాస్కింగ్ టేపు అతికించాం. నాలుగు మూలలా లావు డ్రిల్లుతో బెజ్జాలు వేసి, జిగ్‌సా అనే చిన్న కరెంటు రంపం బ్లేడు అందులోకి దింపి, నేను పైన కోస్తుంటే మా ఆయన కింద నుంచి రేకు ఊగకుండా పట్టుకున్నారు. కోత పది నిమిషాల్లో అయిపోయింది. దాని తర్వాత చేసినదే అసలు పని. కోసినప్పుడు రాలిన ఇనపరజను పైకప్పు మీద ఒక్క రవ్వ మిగిలినా, ఒకటి రెండు తడి రోజులకే అది తుప్పు పట్టి పెయింటు మీద ఎర్ర చుక్కవుతుంది. వాక్యూమ్‌తో, అయస్కాంతంతో, తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాం. కోసిన అంచుకి ప్రైమర్, పెయింటు పూశాం. పైకప్పు సాపుగా ఉండదు, గట్లు గట్లుగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ చట్రం కింద ఎగుడుదిగుళ్ళు నింపి, నీళ్ళు దూరనివ్వని రబ్బరు లాంటి బ్యూటైల్ టేపు పరిచి, స్క్రూలు బిగించి, వాటి తలల మీద, అంచు చుట్టూ సీలెంట్ వేశాం.

తర్వాత వాన పడిన మొదటి రాత్రి నేను పడుకోలేదు. టార్చి పట్టుకుని చట్రం మూలలు చూస్తూనే ఉన్నాను. ఒక్క చుక్క రాలేదు. ఇప్పటికీ ఆ మూలలు చూస్తే నాకు గర్వంగానే ఉంటుంది.

ఇక గోడలు. రేకుకీ మనకీ మధ్య వేడినీ చలినీ ఆపే పొర ఉండాలి, దాని వెనక్కి తేమ పోకూడదు. ఈ రెండో మాటే ముఖ్యం. దూది లాంటి వదులు సరుకు కుక్కితే తేమ అందులోంచి రేకు దాకా పోయి, అక్కడ నీరై, కంటికి కనబడని చోట నానుతుంది. మేం క్లోజ్డ్ సెల్ ఫోమ్ వాడాం. అందులో గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి కనుక ఆవిరి తొందరగా దాటలేదు. రేకుకి అంటిపెట్టుకుని ఉండేలా, మధ్యలో గాలి మిగలకుండా అతికించాలి. ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. పైకప్పుకి మామూలు జిగురు వాడాం. ఎండ ఎక్కిన మధ్యాహ్నం రేకు కాలిపోయి జిగురు మెత్తబడి, షీట్లు ఒక్కొక్కటే ఊడి వేలాడాయి. అన్నీ పీకి, జిగురంతా గీకి, ఎక్కువ వేడికి తట్టుకునే జిగురుతో మళ్ళీ మొదలుపెట్టాం. ఆ జిగురు వాసన తలకెక్కుతుంది. తలుపులన్నీ తీసి, మాస్కు పెట్టుకుని, గంటకోసారి బయటికొచ్చి నిలబడాల్సిందే.

ఫోమ్ అయ్యాక పడుకున్న రాత్రి మరో సంగతి తెలిసింది. గోడల రేకు పొడిగా ఉంది కానీ, ఫోమ్ అతికించకుండా వదిలేసిన ఇనప పక్కటెముకల మీద మాత్రం వరసగా చెమట పట్టింది. రేకు మీద మార్గం మూసేస్తే చలి ఆ ఎముకల గుండా లోపలికి వస్తోంది. వాటికి కూడా 6 మిల్లీమీటర్ల సన్నటి ఫోమ్ చుట్టాం. అన్నిటికంటే ఎక్కువ చలి వచ్చేది మాత్రం ముందు అద్దాల నుంచి. అద్దాల కొలతకి మడత చాపలు కత్తిరించి, అంచుల్లో చిన్న అయస్కాంతాలు పెట్టి కుట్టాను. రాత్రి అవి పెడితే వెలుతురూ రాదు, చలీ రాదు. మేం పెట్టిన ఖర్చులో ఇంత తక్కువ పెట్టి ఇంత సుఖం ఇచ్చింది ఇంకొకటి లేదు.

అయినా ఏ పొరా తేమని మాయం చెయ్యదు. అది బయటికి పోవాలి. ఫ్యాన్ తక్కువ వేగంలో తిరుగుతూ, కింద ఎక్కడో ఒక కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉండాలి. గాలి వచ్చే దారి లేకుండా పోయే దారి ఒక్కటే ఉంటే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.

మంచం దగ్గర మాకు పెద్ద వాదనే జరిగింది. లోపలి పొడవు 310 సెంటీమీటర్లు, వెడల్పు 180. అడ్డంగా పడుకుంటే నేలంతా మిగులుతుంది. మా ఆయన ఎత్తు 178. నేను కాగితం మీద లెక్కేసి సరిపోతుందన్నాను. రెండు వైపులా ఫోమ్, దానిమీద చెక్క వచ్చాక వెడల్పు 171కి దిగింది. ఆ రాత్రి ఆయన మోకాళ్ళు మడుచుకునే పడుకున్నారు, పొద్దున నడుం పట్టేసింది. వాదన అక్కడితో ముగిసింది. నిలువు మంచమే వేశాం, 190 పొడవు, 125 వెడల్పు. పగలు దాని వెడల్పు 70కి తగ్గుతుంది. రెండు వరసల పలకలు, చేతి వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు జరుగుతాయి. బయటికి లాగితే మంచం, లోపలికి తోస్తే సోఫా. పలకల మధ్య సందులుండడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, పరుపు కింద గాలి ఆడుతుంది. ఒంటి వెచ్చదనంలోని తేమ పరుపు గుండా కిందికి దిగి, కింద గట్టి చెక్క తగిలితే అక్కడే ఆగి బూజు పడుతుంది. పరుపు మందం 10 సెంటీమీటర్లు. మొదట 6 అనుకున్నాం. ఇద్దరి తుంటి ఎముకలూ ఒప్పుకోలేదు.

కరెంటు గురించి కొంచెం వివరంగానే చెప్పాలి. తమ్ముడు నా చేతికి కాగితం ఇచ్చి, "అక్కా, ఏం కొనాలో తర్వాత. రోజుకి ఎంత వాడతావో ముందు రాయి" అన్నాడు. ఫ్రిజ్ 45 వాట్లు, కంప్రెసర్ తిరిగేది రోజులో మొత్తం ఓ 8 గంటలు, వాట్లని గంటలతో గుణిస్తే 360 వాట్ అవర్లు. ఫ్యాన్ 20 వాట్లు, 8 గంటలు, 160. నాలుగు లైట్లు మూడేసి వాట్లు, 4 గంటలు, 48. ఫోన్లూ లాప్‌టాపూ ఓ 100. నీళ్ళ పంపు 15. మొత్తం 683. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు అంటే 1280 వాట్ అవర్లు. ఎండ అసలు లేకపోయినా దాదాపు రెండు రోజులు నడుస్తుంది. అదే సీసం బ్యాటరీ అయితే సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, అంటే రెట్టింపు సైజు బ్యాటరీ మోయాలి. లిథియానికి కూడా ఒక షరతు ఉంది. సున్నా డిగ్రీల కంటే కింద దాన్ని చార్జ్ చెయ్యకూడదు. అందుకే బ్యాటరీని మంచం కింద, మనం పడుకునే వెచ్చటి చోటులోనే పెట్టాం.

పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్. మంచి ఎండలో రోజువారీ వాడకం తిరిగొస్తుంది. చల్లగా ఉంటుందని చెట్టు నీడలో ఆపితే మాత్రం ప్యానెల్‌కి మేత ఉండదు, ఒక మూల కొమ్మ నీడ పడినా రాబడి బాగా పడిపోతుంది. అలాంటి రోజులకి ఇంజిన్ నుంచి చార్జ్ అయ్యేలా డీసీ టు డీసీ చార్జర్ పెట్టాం. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని నేరుగా లిథియం బ్యాటరీకి కలిపితే బ్యాటరీ హద్దు లేకుండా కరెంటు లాగేసి ఆల్టర్నేటర్‌ని వేడెక్కించేస్తుంది. ఈ చార్జర్ 30 ఆంపియర్ల దగ్గర ఆపుతుంది.

ఇన్ని లెక్కలు వేసుకున్నా ఒక చోట దెబ్బ తిన్నాం. అన్నీ బిగించి పడుకున్న రాత్రి రెండున్నరకి ఫ్రిజ్ ఆగిపోయింది. బ్యాటరీలో సగం పైగా ఉంది. పొద్దున ఎండెక్కగానే అదే మొదలైంది. మర్నాడు రాత్రి మళ్ళీ ఆగింది. ఫ్రిజ్ పాడైందని నేను నమ్మేశాను. తమ్ముడు మల్టీమీటర్ తెచ్చి రెండు చోట్ల కొలిచాడు. బ్యాటరీ దగ్గర 12.9, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర, కంప్రెసర్ తిరుగుతుండగా 11.9. మధ్యలో ఒక వోల్టు ఎటుపోయింది?

వైర్లో పోయింది. బయటికి కనబడకూడదని ఆ వైరుని నేను గోడెక్కించి, పైకప్పు వెంట తిప్పి, మళ్ళీ కిందికి దింపాను. ఒక వైపు 8 మీటర్లు, పోనూ రానూ 16. వైరు మందం 1.5 చదరపు మిల్లీమీటర్లు. రాగి నిరోధం ప్రకారం అది దాదాపు 0.19 ఓమ్, 4 ఆంపియర్లు లాగితే అక్కడే దాదాపు 0.75 వోల్టులు అయిపోతాయి, మిగతాది ప్లగ్గు అతుకుల్లో. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి వోల్టేజీ ఇంకా దిగుతుంది. కారు బ్యాటరీ చచ్చిపోకుండా ఫ్రిజ్‌లో ఒక కాపుదల ఉంటుంది, వోల్టేజీ హద్దు దాటి దిగితే అదే ఆగిపోతుంది. పగలు సోలార్ చార్జ్ చేస్తుంటే వ్యవస్థ 13.6 వోల్టుల దాకా ఉండేది, ఒక వోల్టు పోయినా ఫ్రిజ్‌కి సరిపోయేది. అందుకే పగలు బాగుండి రాత్రి ఆగేది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలీదు. 12లో ఒకటి పోతే అది పన్నెండో వంతు.

6 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చి, నేల అంచున దగ్గరి దారిలో 3 మీటర్లలో తీసుకెళ్ళాం. ఇప్పుడు తగ్గుదల 0.1 వోల్టు కూడా లేదు. ప్రతి వైరుకీ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలని కూడా అప్పుడే నా బుర్రకెక్కింది. ఫ్యూజు కాపాడేది వస్తువుని కాదు, వైరుని. చెక్క గోడ వెనక రాసుకుని వైరు తొడుగు అరిగి ఇనుముకి తగిలితే, నిప్పు మనం నిద్రపోతున్న చోటే పుడుతుంది.

కరెంటు మీద వంట వద్దనుకున్నాం. 1000 వాట్ల పొయ్యి పెడితే బ్యాటరీ నుంచి ఇంచుమించు 90 ఆంపియర్లు లాగుతుంది. గ్యాసే పెట్టాం. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదికి దిగి పేరుకుంటుంది. సిలిండర్ కోసం వేరే పెట్టె చేసి, వ్యాన్ లోపలికి గాలి రాకుండా దాన్ని మూసి, దాని అడుగున నేలగుండా బయటికి రంధ్రం పెట్టాం. నేల దగ్గర గ్యాస్ అలారం, పడుకునే తల ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఆ రెండో అలారం లేకుండా పొయ్యి ఉన్న వ్యాన్‌లో ఎవ్వరూ పడుకోవద్దని నేను చెయ్యి పట్టుకుని చెబుతాను. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళని లేపదు.

నేలకి రంధ్రం వేసేముందు వ్యాన్ కిందికి దూరి చూడటం మర్చిపోవద్దు. మేం మొదట గుర్తు పెట్టిన చోటుకి సరిగ్గా కింద బ్రేక్ గొట్టం పోతోంది.

వంటగట్టుకి మాకు ఒక పాత ఆలోచన పనికొచ్చింది. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా వాళ్ళు ఫోక్స్‌వాగన్ వ్యాన్ కోసం క్యాంపింగ్ బాక్స్ అని ఒకటి చేశారు, వారమంతా పని బండి, సెలవొస్తే పెట్టె ఎక్కించి విడిది బండి. అలాగే మా వంటగట్టు కూడా నాలుగు బోల్టులు తీస్తే మొత్తంగా బయటికి వచ్చేస్తుంది. బోల్టులు చెక్కలోకి కాక, ఇనప పక్కటెముకల్లో బిగించిన రివెట్ నట్లలోకి, అంటే లోహంలోనే ఇరుక్కుని ఉండే నట్లలోకి వెళతాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక ఉన్నదేదీ మన తల మీదికి రాకూడదు.

దాన్ని మొదట 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్‌తో చేశాం. గట్టిగా, అందంగా వచ్చింది. కానీ ఎనిమిదడుగుల నాలుగడుగుల షీటు ఒక్కటే 36 కిలోలు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద వ్యాన్‌ని తూచాక మనసు మార్చుకుని మొత్తం విప్పి 12 మిల్లీమీటర్లతో మళ్ళీ చేశాం, షీటు 24 కిలోలకి వచ్చింది. వాహనానికి కంపెనీ రాసిన మొత్తం బరువు హద్దు మనుషులూ నీళ్ళూ సామానూ అన్నీ కలిపి. 50 లీటర్ల నీళ్ళు 50 కిలోలు. ఇంకో పని చేశాం, ఒక పక్క చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి మీదికి ఎక్కించి కుడీ ఎడమా విడివిడిగా తూచాం. కుడివైపు 90 కిలోలు ఎక్కువ తేలింది. నీళ్ళ ట్యాంకుని ఇరుసుల మధ్యకి, ఎడమకి జరిపాం. మలుపుల్లో బండి కుడికి ఒరగడం అప్పటితో పోయింది.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. చెక్కా ఇనుమూ తగిలే ప్రతిచోటా ఫెల్ట్ పట్టీ లేకపోతే దారంతా కిర్రుమంటుంది. సొరుగులకి నొక్కితే లాక్ పడే గొళ్ళేలు కావాలి, అయస్కాంతం మీద నమ్మకం పెట్టుకుంటే మొదటి మలుపుకే గిన్నెలన్నీ నేల మీద ఉంటాయి. మంచం మీంచి లేవకుండా అందేలా ఒక స్విచ్చి ఉండాలి.

ఈ మధ్య వరసగా తొమ్మిది రాత్రులు అందులో పడుకున్నాం. పైకప్పు పొడి, గోడలు పొడి, మా ఆయన నడుం బాగుంది. వెనక తలుపుల అడుగున మాత్రం నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, బ్రేకు వేసినప్పుడల్లా గుడగుడమంటోంది. తలుపు లోపలికి వాన నీళ్ళు కొంచెం దిగడం మామూలే, అవి పోవడానికి కంపెనీ వాళ్ళు కింది అంచున సన్నటి రంధ్రాలు పెడతారు. మేం శ్రద్ధ ఎక్కువై ఆ రంధ్రాల మీద కూడా ఫోమ్ అతికించేశాం. వచ్చే ఆదివారం రెండు తలుపుల లోపలి చెక్కలూ విప్పాలి. కింది నాలుగు వేళ్ళ మేర ఫోమ్ కోసేసి, రంధ్రాల్లో తీగ పోనిచ్చి శుభ్రం చేసి, తుప్పు మొదలైందేమో చూడాలి. ప్రైమర్ డబ్బాలో ఇంకా సగం ఉంది.